ఎవరో చెప్పే ఉంటారు

"ఐస్ పాడైందట," అన్నాడు లెస్టర్ రూసో, ట్రక్కు అద్దం కిందికి దించి. "నా ఐసు. ఎంత మాటన్నారో చూడు, లొరైన్."

లొరైన్ టర్వో తోపుడు పార పిడి మీద గడ్డం ఆనించి నిలబడింది. నిన్న శుక్రవారం బడికి సెలవిప్పించింది మంచు. ఆ సెలవు బడికే గాని నడుముకి కాదని ఇవాళ పొద్దున్నే తేలింది. ముందు దారి తవ్వేసరికి వెనకది పూడిపోతోంది, వెనకది తవ్వేసరికి ముందుది. మిషిగన్ ఉత్తరపు కొసన, సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఏప్రిల్ దాకా ఇదే వరస. ఆవిడకి యాభై దాటి చాలా కాలమైంది. మంచుకి మాత్రం ఏటా కొత్త వయసే.

"ఎవరన్నారు?" అంది.

"ఇంకెవరు, ఇంపీ కాంగస్ ముసలమ్మ. తెల్లారీ తెల్లారకముందే ఫోను. 'లెస్టర్, మా పిల్ల ఇవాళ ఆటకి రాదు. ఐస్ పాడైపోయింది' అని టపీమని పెట్టేసింది. కాఫీ అయినా తాగకుండా పరిగెత్తాను. రింకంతా మోకాళ్ళ మీద పాకి చూశాను. వెంట్రుకంత బీట లేదు. అనుమానం తీరక బండి తీసి రెండుసార్లు గీకి, నీళ్ళు పోసి మళ్ళీ నున్న చేశాను. ఇప్పుడు అద్దంలా ఉంది. చూసుకుని తల దువ్వుకోవచ్చు."

"నీకు దువ్వుకోడానికేముంది?"

"నువ్వొచ్చి దువ్వుకో."

లెస్టర్ ఆ ఊరి మంచుమైదానానికి, అదే రింకుకి, కాపలాదారూ, బడిలో అమ్మాయిల హాకీ జట్టుకి కోచూ. తనని ఎంత మాటన్నా పడతాడు, తన ఐసునంటే మాత్రం పడడు. పడితే ఐసు మీదే పడాలి, అలా పడి రెండు పళ్ళు పోగొట్టుకున్నాడు కూడా.

"ఆ పిల్ల, ఐనా, లేకపోతే గోల్ దగ్గర ఎవర్ని నిలబెడతావు?" అంది లొరైన్.

"టెస్ ఉందిగా, నిలబడుతుంది. నిలబడ్డం వరకూ బాగానే వచ్చు దానికి." లెస్టర్ టోపీ వెనక్కి తోసి నుదురు గోక్కున్నాడు. "అవతల కాలేజీ కోచ్ అంత దూరం నుంచి ఐనా ఆట చూడ్డానికే వస్తోంది. బాగుంటే ఫీజు లేకుండా చేర్చుకుంటానంది. సరిగ్గా ఇవాళే ముసలమ్మకి నా ఐసు మీద కన్ను పడాలా?"

ఐనా, ఇంపీ ముసలమ్మ మనవరాలు. పేరుకి తగ్గట్టు ఏ విషయంలోనైనా 'అయినా' అనే రకం. లొరైన్ పాఠం చెబుతుంటే క్లాసంతా తలూపాక, తీరిగ్గా చెయ్యెత్తి, "అయినా మిసెస్ టర్వో..." అంటుంది. రోజూ విసుక్కుంటూనే, ఆ చెయ్యి లేవని రోజున పాఠం చప్పగా ఉందనుకుంటుంది లొరైన్.

ఐనావాళ్ళ ఇల్లు కొండదారిలో ఉంది. రోడ్డు మీద ఐసు గురించి చెప్పి ఉంటుందిలే ముసలమ్మ, అనుకుంది. ఉంటుందిలే అనుకోవడం ఈమధ్య బాగా అలవాటైంది ఆవిడకి. అలిసిపోయిన మనిషికి అంతకన్నా మెత్తటి దిండు లేదు. లెస్టర్ ట్రక్కు మలుపు తిరిగేదాకా చూసి, మళ్ళీ పారకి నడుం వంచింది.

మధ్యాహ్నం ఆటకి టికెట్లు చింపే పని ఆవిడదే. జీతంలో ఆ పని లేదు, జీవితంలో చేరిపోయింది. తలుపు దగ్గర మడతబల్ల వేసుకుని, కాళ్ళకింద అట్టముక్క పరుచుకుని కూర్చుంది. పక్కబల్ల మీద మాంసం, దుంపలు కూరిన పాస్టీలు వేడివేడిగా పొగలు కక్కుతున్నాయి. తలుపు తెరిచినప్పుడల్లా ఆ పొగ ఒకవైపు, చలి ఇంకోవైపు ఆవిడ మొహానికి తగులుతున్నాయి.

లోపల టెస్ గోల్ ముందు నిలబడింది. నిలబడ్డమే చేసింది. బంతి బదులు ఆడే నల్లబిళ్ళ దానికి కుడిపక్కనుంచి వెళ్ళింది, ఎడమపక్కనుంచి వెళ్ళింది, ఒకసారి కాళ్ళ మధ్యనుంచి, గుమ్మంలోంచి పిల్లి వెళ్ళినట్టు నింపాదిగా వెళ్ళింది. లెస్టర్ అరుపులు మొదట్లో మాటల్లా ఉండేవి, తరవాత ఉత్త గాలే మిగిలింది. విరామం గంట కొట్టగానే, కాలేజీ టోపీ పెట్టుకున్న ఒకావిడ కోటు బొత్తాలు పెట్టుకుంటూ లొరైన్ బల్ల దాటి బయటికి నడిచింది. ఆవిడ మళ్ళీ రాలేదు.

కోల్టన్ పాస్టీ కొరుక్కుంటూ వచ్చాడు. లొరైన్ క్లాసులో కుర్రాడే.

"ఐనా ఉంటేనా," అన్నాడు నిండునోటితో.

"ఎందుకు రాలేదో తెలుసా?"

"కళ్ళు పోతున్నాయట కదండీ. టెస్ చెప్పింది. వాళ్ళ తాతకి ఇలాగే మొదలైందట. గీతలు తిన్నగా కనబడక."

లొరైన్ చేతిలో టికెట్టు సగం చిరిగి ఆగిపోయింది.

ఇంపీ ముసలమ్మ పెద్దలు ఫిన్లండ్ నుంచి గనుల్లో పనికి వచ్చినవాళ్ళు. ఆ ఇళ్ళల్లో ముసలాళ్ళ నోట ఇప్పటికీ 'జ' పలకదు, అది 'స' అయిపోతుంది. ఇంగ్లీషులో కళ్ళు 'ఐజ్', మంచు 'ఐస్', రెండింటికీ ఉన్న తేడా ఆ ఒక్క బుస. ముసలమ్మ కళ్ళంది, లెస్టర్ ఐసు విన్నాడు. అది నవ్వుకోవలసిన సంగతి. లొరైన్‌కి నవ్వు రాలేదు. గీతలు అన్నమాట దగ్గరే చెవి ఆగిపోయింది.

గురువారం చివరి పీరియడ్లో గీతలు చూపించింది తనే.

సాంఘిక మనస్తత్వ శాస్త్రం. పదిమందిలో ఉన్నప్పుడు మనిషి బుద్ధి ఎలా పనిచేస్తుంది, ఎందుకు మానేస్తుంది అన్నదే ఆ చదువు. ఒక అట్టమీద ఒక గీత. ఇంకో అట్టమీద మూడు గీతలు. మొదటిదానితో సమానమైనది ఆ మూడింట్లో ఏదో చెప్పాలి. చంటిపిల్ల కూడా మూడోదే అంటుంది. కాని క్లాసంతా ముందే కూడబలుక్కుని రెండోది అంటుంది. సంగతి తెలియని ఒక్కరు, వరసలో ఆఖరున తన వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. తన కళ్ళని నమ్ముకుంటారా, పదిమంది నోళ్ళనా? అది తేలాక అందరిముందూ గుట్టు విప్పాలి. నువ్వు చూసినది సరైనదే, వీళ్ళంతా నేను చెబితే అబద్ధమాడారు అని ఆ ఒక్కరికీ చెప్పాలి. అది చెప్పనిదే పరీక్ష పూర్తి కాదు. కుట్ర చేసినవాళ్ళే కుట్లూ వెయ్యాలి.

ఈసారి ఆ ఒక్కరు ఐనా. మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి కుట్ర చెప్పిన వేళకి ఐనా ఒక్కతే రింకులో లెస్టర్ దగ్గర విడిగా ప్రాక్టీసు చేస్తోంది, అందుకని.

మొదటిసారి అందరూ రెండు అన్నారు. ఐనా నవ్వి, "అయినా మూడే కదా," అంది. రెండోసారి నవ్వలేదు. మూడోసారి ముందుకి వంగి, కళ్ళు చిట్లించి చూసింది. నాలుగోసారి కళ్ళు నులుముకుంది. తరవాత మూడు అనడానికి మూడు పోయినట్టు, చిన్న గొంతుతో, "రెండు," అంది. లొరైన్ గుట్టు విప్పబోయింది. అప్పుడే గోడమీది స్పీకరు గరగరలాడింది. తుఫాను ముందే వచ్చేస్తోంది, బస్సులు ఈ క్షణమే బయల్దేరుతున్నాయి. క్లాసు ఒక్క ఊపున లేచి కోట్ల మీద పడింది.

ఐనా మాత్రం టేబులు దగ్గరికి వచ్చింది. "మిసెస్ టర్వో, ఆ అట్ట ఇంకోసారి చూడనా?"

లొరైన్ వంగి టేబులు కింద రెండో బూటు కోసం వెతుక్కుంటోంది. పొద్దుటి నుంచి నిలబడి మోకాళ్ళు గుంజుతున్నాయి. "రేపు చూద్దువుగాని, తల్లీ. బస్సు పోతుంది," అంది, తలెత్తకుండా.

ఆ రేపు ఇంకా రాలేదు.

"గురువారం సంగతి ఐనాకి చెప్పావా?" అని అడిగింది కోల్టన్ని.

"ఏ సంగతి?" అని, వాడు నమలడం ఆపాడు. "నేనా? నేను బస్సులో ముందు దిగిపోతానుగా. వెనక కూర్చున్నవాళ్ళు చెప్పుంటారనుకున్నా."

వెనక కూర్చున్న అమ్మాయి పాప్‌కార్న్ వరసలో ఉంది. పిలిచి అడిగితే, "కోల్టన్ నోట్లో నువ్వుగింజ నానదు కదండీ, చెప్పేశాడనుకున్నాను," అంది. ఇంకో ఇద్దరు కవలలు. అన్న చెప్పాడనుకున్నాడు తమ్ముడు, తమ్ముడు చెప్పాడనుకున్నాడు అన్న. ఎవర్ని అడిగినా మొహంలో అబద్ధం లేదు. అందరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారని గట్టి నమ్మకం. ఆ ఎవరో అనే మహానుభావుడి మీద ఎంతమంది ఆధారపడి బతుకుతున్నారో అనుకుంది లొరైన్. తనూ అంతే. ఈ ఊళ్ళో గుట్టు బస్సు దిగేదాకా ఆగదు, పిల్లలే చెప్పుకుంటారులే అనుకుని ఇంటికెళ్ళి పొయ్యి ముందు కాళ్ళు చాపుకుంది.

వచ్చేవారం చెప్పవలసిన పాఠం కూడా సరిగ్గా ఇదే. పదిమంది చూస్తున్నప్పుడు పడిపోయినవాణ్ణి లేపడానికి ఒక్కరూ ఎందుకు కదలరు?

ఆట ముగిశాక టెస్ కోసం చూసింది. ఆ పిల్ల బట్టలు మార్చుకుని వెనక తలుపునుంచి వెళ్ళిపోయిందన్నారు. కాంగస్‌వాళ్ళింటికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. శనివారం సాయంత్రం. ఆ ఇళ్ళల్లో ఆ వేళకి అందరూ సౌనాలో ఆవిరి పట్టుకుంటూ ఉంటారు. దేశం మునిగిపోయినా ఫోను ఎత్తరు.

ఆదివారం మంచుతోసే బండి కొండదారిలో వెళ్ళేదాకా ఆగి, దాని వెనకే తన కారు పోనిచ్చింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉంది. ఒక్క వాక్యమూ ఇంటిదాకా రాలేదు.

ఇంటి వెనకనుంచి మాటలు వినబడితే అటే నడిచింది. వెనకగుమ్మం నుంచి పెరడు చివర సౌనా గదిదాకా కర్రలు పాతి తాడు కట్టి ఉంది. అది ఐనా తాత ఆర్వో కోసం కట్టిన తాడు. కళ్ళు పోయిన కొత్తల్లో కట్టింది, చేతులు రాసుకుని రాసుకుని నల్లగా నిగనిగలాడుతోంది. ఇప్పుడు ఆ తాడు పట్టుకుని నడుస్తున్నది ఆర్వో కాదు. ఐనా. కళ్ళకి అడ్డంగా ఉన్ని మఫ్లరు రెండుచుట్లు కట్టుకుని, గడ్డం పైకెత్తి, అడుగులో అడుగేసుకుంటూ.

"కాలుతో వెతక్కు," అంటున్నాడు వెనక నడుస్తున్న ముసలాయన. "కాలు అబద్ధాలాడుతుంది. చేత్తో చూడు. ముడి తగిలిందా?"

"తగిలింది."

"అక్కణ్ణించి మెట్టు. ఇప్పుడు మెట్టు గురించి ఆలోచించకు. ఆలోచిస్తే పడతావు."

ఐనా పడలేదు. మెట్టెక్కి, సౌనా తలుపు తడిమి, గొళ్ళెం తీసి, లోపలినుంచి రెండు కట్టెపుల్లలు తెచ్చింది. గొళ్ళెం మళ్ళీ వేసింది. చలికి ఎర్రబడ్డ ఆ వేళ్ళు ఎంత నెమ్మదిగా కదిలాయో చూస్తూ, లొరైన్ మంచులో నిలబడిపోయింది. తలెత్తకుండా అన్న మాట ఒకటి ఎంతదూరం నడిచిందో చూసింది.

"ఎవరో వచ్చారు," అన్నాడు ఆర్వో. "బరువైన బూట్లు. ఊపిరి బడిపంతులుది."

"నేను, ఆర్వో. లొరైన్ని. ఐనా, ఆ మఫ్లరు విప్పు తల్లీ."

"అలవాటు చేసుకుంటున్నా మిసెస్ టర్వో. కనబడుతుండగా నేర్చుకుంటే తేలికట."

"నీ కళ్ళకేమీ కాలేదు."

చెప్పింది. దారిలో కూర్చుకున్న వాక్యాలేవీ అక్కర్లేకపోయాయి. మూడోదే సరైనది, అందరిచేతా రెండోది అనిపించింది నేనే, గురువారమే చెప్పవలసింది, చెప్పలేదు. అంతే. నిమిషం పట్టలేదు. ఆ నిమిషం గురువారమూ ఉంది.

ఐనా మఫ్లరు విప్పింది. మంచుమీది వెలుగు కళ్ళల్లో పొడిచినట్టయి, చెయ్యి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"మూడోదేనా?"

"మూడోదే."

"నాకు మూడోదే కనబడింది."

"తెలుసు."

"అయినా రెండన్నాను." ఐనా చెయ్యి దించి ఆవిడవంక చూసింది. "కళ్ళు పోయాయనుకున్నా గాని, వాళ్ళది తప్పేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. పదిమందీ తప్పు చెప్పడం కన్నా నేను గుడ్డిదాన్నవడమే సులువనిపించింది."

దానికి జవాబు లొరైన్ పుస్తకంలో ఉంది, కాని దాన్ని ఈ పెరట్లోకి తెచ్చే ధైర్యం లేకపోయింది.

వెనకగుమ్మంలోంచి ఇంపీ ముసలమ్మ అంతా విన్నది. పిండిచేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ దిగింది. "ఓహో. ఇదా మీ బడిలో చెప్పేది? పిల్లల కళ్ళు తెరిపించే చదువంటే సంతకం పెట్టాను. ఉన్న కళ్ళు మూయించే చదువని చెబితే పెట్టేదాన్నా?"

"పెట్టేవారు కాదు."

"మూడు రాత్రులు ఈ పిల్ల పక్కన కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళ కిందట ఈయన పక్కన కూర్చున్నట్టు." ముసలమ్మ ఏప్రాను విదిలించింది. "లోపలికి రా. రొట్టె దించాను. తిట్టాలంటే నాకు కూర్చుని తిట్టడం అలవాటు."

యాలకుల రొట్టె, చిక్కటి కాఫీ. ముసలమ్మ అన్నమాట ప్రకారం కూర్చునే తిట్టింది, కప్పు ఖాళీ అయినప్పుడల్లా నింపుతూ తిట్టింది. ఐనా రొట్టెముక్క తుంచుతూ, "టెస్‌కి కూడా ముందే తెలుసా?" అంది.

"క్లాసందరికీ తెలుసు."

"శుక్రవారం టెస్‌కి ఫోన్ చేసి ఏడ్చాను. ఆటకి రానని దానికే ముందు చెప్పాను." రొట్టెముక్కని పళ్ళెంలో అటూ ఇటూ జరిపింది. "అది కూడా ఏడ్చింది."

ఆర్వో ఇంతసేపూ కిటికీ దగ్గర కూర్చుని తెచ్చిన కట్టెపుల్లల్ని వేళ్ళతో కొలుస్తున్నాడు. ఎవరితోనూ కాకుండా అన్నాడు, "రెండ్రోజుల్లో తాడు నేర్చేసుకుంది. నాకు ఏడాది పట్టింది." నవ్వాడు. "పోనీలే. మంచిమాట. ఇంక ఆ తాడు మళ్ళీ నాదొక్కడిదే." ఆ నవ్వు చివర ఏముందో వినడం ఇష్టంలేక లొరైన్ కోటు అందుకుంది.

సోమవారం బడి తెరిచారు. చివరి పీరియడుకి ఆవిడ ఆ రెండు అట్టలూ టేబులు మీద పెట్టి, అందరూ కూర్చునేదాకా నిలబడే ఉంది. ఐనా తన కుర్చీలో కూర్చుంది, వరసలో అదే ఆఖరు చోటు. టెస్ కిటికీ పక్కన తల వంచుకుని ఉంది.

"గురువారం పని సగంలో ఆగింది," అంది లొరైన్. "ఐనా చూసింది సరైనది. మిగిలినవాళ్ళు నేను చెప్పమన్న అబద్ధం చెప్పారు. ఈ మాట అప్పుడే చెప్పడం నా పని. చెయ్యలేదు. అందుకని ఐనా మూడ్రోజులు తన కళ్ళు పోతున్నాయనుకుంది, ఆట వదులుకుంది, ఆ కాలేజీ ఆవిడ తిరిగి వెళ్ళిపోయింది. ఇవాళ పొద్దున్న ఆవిడకి ఫోన్ చేశాను. మళ్ళీ వస్తానని మాటివ్వలేదు." గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. "ఐనాకి ఎవరో చెప్పే ఉంటారనుకున్నవాళ్ళు చేతులెత్తండి."

కోల్టన్ చెయ్యి ముందు లేచింది. తరవాత వెనక వరసది. కవలలిద్దరివీ ఒకేసారి. ఒకర్నొకరు చూసుకుంటూ, నీళ్ళల్లోంచి మొక్కలు లేచినట్టు నెమ్మదిగా అందరివీ లేచాయి. లొరైన్ తన చెయ్యీ ఎత్తింది. భుజం నొప్పెట్టినా దించలేదు.

కిటికీ పక్కన ఒక్కటి లేవలేదు.

"టెస్, ఎత్తవే," అని గొణిగాడు కోల్టన్.

"నేనలా అనుకోలేదు," అంది టెస్.

"ఎత్తేస్తే అయిపోతుందిగా."

"ఎవరూ చెప్పలేదని నాకు తెలుసు." టెస్ బల్ల కింద అరచేతులు రుద్దుకుంటోంది. "అది ఫోన్లో కళ్ళు పోతున్నాయంటుంటే, గీతల సంగతి నాలిక చివరికి వచ్చింది. చెబితే శనివారం ఆడుతుంది. ఆట అయ్యాక చెబుదామనుకున్నా. ఆట అయ్యాక చెప్పే మొహం లేకపోయింది. రెండేళ్ళ నుంచి బెంచీ మీద కూర్చుంటున్నాను. ఒక్క ఆట, అంతే అనుకున్నా."

ఎత్తిన చేతులన్నీ గాల్లోనే ఉన్నాయి. ఒక్కటొక్కటే దిగాయి. అందరూ ఒకటి చెబుతుంటే ఉన్నది ఉన్నట్టు చెప్పిన ఆ ఒక్క గొంతూ టెస్‌ది కావడం, దాన్ని ఏమనాలో లొరైన్‌కి తోచకపోవడం, రెండూ ఆవిడకి ఒక్కసారే అర్థమయ్యాయి. పాఠం చెప్పడానికి అంతకన్నా మంచి అదను రాదు. ఆవిడ ఆ అదను వదిలేసింది.

ఐనా అడిగింది. "ఎన్ని గోల్స్ వదిలావు?"

"ఏడు."

"ఏడా. ఏడిచినట్టే ఉంది."

వెనక ఎవరో నవ్వబోయి మింగేశారు. ఐనా నవ్వలేదు. లేచి టేబులు దగ్గరికి వచ్చి, ఒక గీత ఉన్న అట్ట ఒక చేత్తో, మూడు గీతలున్నది ఇంకో చేత్తో పట్టుకుంది. గురువారం అడిగితే ఇవ్వని అట్టే. దగ్గరగా పెట్టుకుని, తనివి తీరేదాకా చూసింది. తరవాత మొదటి బల్ల ముందుకి నడిచింది.

"ఏది?"

"మూడు," అన్నాడు కోల్టన్.

"ఏది?"

"మూడు."

వరసలో ఒక్కొక్కరి దగ్గరా ఆగింది. ఎవర్నీ తొందరపెట్టలేదు, ఎవర్నీ దాటెయ్యలేదు. మూడు, మూడు, మూడు. కొందరు అట్టకేసి చూసి చెప్పారు, కొందరు బల్లకేసి చూసి. అట్టకేసి చూసి చెప్పేదాకా వాళ్ళ దగ్గరే నిలబడింది. కిటికీ పక్కకి ఆఖరున వచ్చింది.

"ఏది?"

టెస్ పెదవులు కదిలాయి.

"వినబడలేదు. నాకు కళ్ళు బాగానే ఉన్నాయి, చెవుల సంగతి తెలీదు."

"మూడు," అంది టెస్, తలెత్తి, ఐనా కళ్ళల్లోకి చూస్తూ.

ఐనా తలూపింది. క్షమించానని కాదు, విన్నానని. అక్కణ్ణించి వెనక్కి తిరిగి, అట్టలు ఎత్తి లొరైన్‌కి చూపించింది. "మిసెస్ టర్వో?"

"మూడు."

అప్పుడు తలుపు తెరుచుకుని లెస్టర్ తల లోపలికి వచ్చింది. "ఏం ఐనా, ఇవాళైనా ప్రాక్టీసుకి దయచేస్తావా? ఐసు బాగుందో లేదో నువ్వే వచ్చి చూసి, మీ మామ్మకో మాట చెప్పు తల్లీ. ఊరంతా నన్ను తిడుతోంది."

"ఐసుకేమైంది కోచ్?"

"నన్నడుగుతావేం? పాడైందని మీ మామ్మే ఫోన్ చేసి చెప్పింది."

ఐనా అట్టలు పట్టుకుని అలాగే నిలబడి, అర్థమయ్యాక, గురువారం తరవాత మొదటిసారి నవ్వింది. "ఐసు కాదు కోచ్. కళ్ళు. మా మామ్మ చెప్పింది నా కళ్ళ గురించి. తన నోట రెండూ ఒక్కలాగే వస్తాయి."

క్లాసు గొల్లుమంది. లెస్టర్ గుమ్మంలో నిలువునా నిలబడ్డాడు. "కళ్ళా? మరి నేను రెండుసార్లు గీకానే. మోకాళ్ళ మీద పాకానే." అని ఒక అడుగు లోపలికి వేసి, మొహం మార్చి, "ఉండుండు. నీ కళ్ళకేమైంది?"

"ఏమీ కాలేదు."

"ఏమీ కాకపోతే ఆటకెందుకు రాలేదు? వీళ్ళందరికీ తెలుసా? శనివారం నుంచి ఇన్ని రోజులు, ఇంతమంది, ఒక్కరూ నాకు చెప్పలేదేం?"

నవ్వు ఆగిపోయింది. కోల్టన్ కవలలకేసి చూశాడు. కవలలు ఒకరికేసి ఒకరు చూసుకున్నారు. ఒక మాట అందరి నోళ్ళదాకా వచ్చి, ఒక్క నోటినుంచీ బయటికి రాలేదు.

గంట మోగింది. బయట బస్సుల ఇంజన్లు మొదలయ్యాయి. ఎవరూ లేవలేదు.

లొరైన్ గోడవారనున్న కుర్చీ లాగి, లెస్టర్ ముందు పెట్టింది. ఐనా చేతిలోంచి అట్టలు తీసుకుంది.

"కూర్చో, లెస్టర్. నేను చెప్తాను," అని మొదటి గీత నుంచి మొదలుపెట్టింది.